బోరు ఒకటి, ఊళ్లు నాలుగు: ఆర్‌ఓ ప్లాంటు విస్తరణలో ఖర్చు పంచుకున్న తీరు

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో నాలుగు గ్రామ పంచాయతీలు కలిసి ఒక ఆర్‌ఓ ప్లాంటును గంటకు 1,000 లీటర్ల నుంచి 3,000 లీటర్లకు పెంచుకున్న కేసు ఇది. ఊళ్ల పేర్లు రాయడం లేదు. క, గ, చ, ట అనుకుందాం. పాత ప్లాంటు ఉన్నది క ఊళ్లో. ఎవరూ గుర్తుపట్టకుండా అంకెలను కాస్త సవరించి గుండ్రం చేశాం, నిష్పత్తులు మాత్రం చెదరనివ్వలేదు.

ఇలాంటి ప్లాంట్ల దగ్గర వాదన ఎప్పుడూ మిషను ధర మీదే నడుస్తుంది. ప్లాంటును ముంచేవి వేరే ఉంటాయి. ఎవరికి రోజుకు ఎన్ని లీటర్ల హక్కు? ఎవరూ నీళ్లు కొనని వానాకాలంలో ఆపరేటరు జీతం ఎవరిది? రిజెక్ట్ నీళ్లు, అంటే శుద్ధి చేశాక మిగిలే ఉప్పునీళ్లు, ఎవరి పొలం పక్కకు పోతాయి? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు లేనప్పుడు ఏం జరిగిందో, ఉన్నాక ఏం మారిందో ఈ కేసులో వివరంగా కనిపిస్తుంది.

నేపథ్యం

ఇక్కడంతా గట్టి రాతి నేల. నీళ్లు రాతి పగుళ్లలోనే దొరుకుతాయి. క ఊరి బోరు నీటిలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) లీటరుకు 2,100 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 3.2, క్లోరైడ్ 520, సిలికా 52. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1.0 దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. టీడీఎస్‌కు ఆ హద్దులు 500, 2,000. రెండింట్లోనూ ఈ నీరు పై హద్దునే దాటింది.

కుటుంబాలు: క 700, గ 480, చ 350, ట 220. మొత్తం 1,750, జనాభా దాదాపు 7,000. క ఊరి ప్లాంటు ఒక దాత ఇచ్చిన మిషనుతో, పంచాయతీ కట్టిన షెడ్డులో ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. 4040 సైజు మెంబ్రేన్లు (ఉప్పును వడకట్టే పొరల చుట్టలు) నాలుగు, రికవరీ 50 శాతం. అంటే గంటకు 2,000 లీటర్ల బోరు నీరు లోపలికి పోతే 1,000 మంచినీరుగా, 1,000 రిజెక్ట్‌గా బయటికి వస్తుంది. రోజుకు 12 గంటలు నడిపితే 12,000 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లలో చెప్పాలంటే 600 క్యాన్లు. ఊళ్లో 700 కుటుంబాలున్నాయి కాబట్టి ప్లాంటు సొంత ఊరికే బొటాబొటిగా సరిపోయేది.

వచ్చిన సమస్య

గ, చ, ట ఊళ్ల నుంచి ఆటోల్లో క్యాన్లు వేసుకుని జనం క ఊరికి రావడం మొదలైంది. ఎండాకాలం ఉదయం ఆరు గంటలకే వరుస. క ఊరి వాళ్లు ‘మా ఊరి వాళ్లకు ఇచ్చాకే బయటివాళ్లకు’ అని పట్టుబట్టారు. తొమ్మిది గంటల తర్వాతే బయటి ఆటోలు రావాలని పంచాయతీ బోర్డు కట్టింది. దాంతో గొడవ మండలం దాకా వెళ్లింది. ‘వెలిగొండ ప్రాజెక్టు కాలువ నీళ్లు వస్తాయి కదా, అప్పటిదాకా ఆగుదాం’ అన్నవాళ్లూ ఉన్నారు. పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చలతో పెరుగుతున్న పిల్లలున్న చోట ఆ మాటకు విలువ ఇవ్వకపోవడమే సరైన పని. అయితే కాలువ నీళ్లు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి, పెట్టే పెట్టుబడిని ఏడేళ్లలో తీరిపోయేదిగానే లెక్కవేయాలని మొదట్లోనే అనుకున్నారు.

మొదటి ఏడాది: చేసిందేమిటి, చెడిందేమిటి

ముందు తేలికగా కనిపించిన దారి పట్టారు. పాత ప్లాంటునే రోజుకు 18 గంటలు నడిపి, మిగిలిన నీటిని మూడు ఊళ్లకు క్యానుకు 2 రూపాయల చొప్పున టోకుగా ఇవ్వడం. పెట్టుబడి లేదు, కొత్త ఒప్పందం లేదు, కొన్నవాళ్లు కొన్నంతకు కడతారు. పైకి ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదనిపిస్తుంది.

మొదటి దెబ్బ వానాకాలంలో తగిలింది. వానలు పడి చెరువు నిండాక గ ఊళ్లో పాత చేదబావి నీళ్లు కాస్త తేటపడ్డాయి. రెండున్నర నెలల పాటు ఆ ఊరు దాదాపు క్యానే ఎత్తలేదు. ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంతో ఎవరూ చూపించలేదు, అది వేరే బాధ. ఇక్కడ ప్లాంటు దగ్గర మాత్రం ఖర్చు తగ్గలేదు. ఆపరేటర్లకు జీతం ఇవ్వాల్సిందే, కరెంటు మీటరుకు కనీస చార్జీ కట్టాల్సిందే. మెంబ్రేన్లకని దాచిన 22,000 రూపాయలు జీతాలకు వాడేశారు. మార్చిలో గ ఊరు మళ్లీ వచ్చి నిరుటి లెక్కనే పూర్తి నీళ్లు అడిగింది. క ఊరి వాళ్లకు కోపం రావడంలో తప్పులేదు. గ ఊరి వాళ్లు కూడా తప్పు చేయలేదు, ఎత్తని నీటికి డబ్బు కట్టాలని వాళ్లతో ఎవరూ ఒప్పందం చేసుకోలేదు.

రెండో దెబ్బ నెమ్మదిగా వచ్చింది. ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైనది అదే కాబట్టి వివరంగా రాస్తున్నాం.

18 గంటలు నడపడంతో రిజెక్ట్ నీరు రోజుకు 12,000 లీటర్ల నుంచి 18,000 లీటర్లకు పెరిగింది. అది షెడ్డు వెనక కాలవ గుండా ఒక రైతు కంది చేను గట్టు వెంట పారేది. ఫిబ్రవరికల్లా గట్టు మీద తెల్లటి చౌడు పొర కట్టింది. గట్టు పక్క రెండు సాళ్లలో ఆకులు అంచుల నుంచి ఎండుతూ వచ్చాయి. రైతు కాలవకు మట్టి కట్ట వేశాడు. ట్యాంకరుతో రిజెక్ట్ బయటికి తోలిద్దామంటే ఆ ఖర్చు ఎవరిదన్నది తేలలేదు. మూడు ఊళ్లు ‘మేం కొనేది మంచినీళ్లు, చెడ్డనీళ్లు మీవి’ అన్నాయి. అదే సమయంలో బోరు కూడా తగ్గుతూ వచ్చింది. జనవరిలో గంటకు 4,500 లీటర్లు ఇచ్చిన బోరు ఎండలు ముదిరేసరికి 2,600కు దిగింది.

ఆపరేటరు తన చేతిలో ఉన్న పని చేశాడు. రిజెక్ట్ వాల్వును బిగించాడు. ప్రవాహం కొలిచే రోటామీటరు గాజు గొట్టంలో తేలే బొడిపె 1,000 గీత నుంచి 430 దగ్గరికి దిగింది, మంచినీరు మాత్రం 1,000 గానే నిలిచింది. చేను గట్టుకు పోయే నీరు సగానికి పైగా తగ్గింది, బోరు మీద బరువూ తగ్గింది. నాలుగు నెలల పాటు అందరూ సంతోషంగా ఉన్నారు.

లోపల జరిగింది వేరు. రికవరీ 50 నుంచి 70 శాతానికి పెరిగింది. 50 శాతం దగ్గర రిజెక్ట్‌లో లవణాలు రెండు రెట్లు చిక్కబడతాయి, 70 దగ్గర 3.3 రెట్లు. సిలికా లీటరుకు 104 మిల్లీగ్రాముల నుంచి 173కు వెళ్లింది. మన వేడికి నీటిలో సిలికా కరిగి ఉండగల హద్దు దాదాపు 120–130. దాన్ని దాటితే చివరి మెంబ్రేన్ మీద సన్నటి గాజు పూతలా పేరుకుంటుంది. ఫ్లోరైడ్ 10 దాటడంతో కాల్షియం ఫ్లోరైడ్ కూడా తోడైంది. ప్రెషర్ 11 బార్ల నుంచి 16కు ఎక్కింది, మంచినీరు గంటకు 600 లీటర్లకు పడింది. సిట్రిక్ యాసిడ్‌తో కడిగితే సున్నపు పొర వదులుతుంది, సిలికా వదలదు. పీహెచ్ 11 దాటిన కాస్టిక్, ఈడీటీఏ ద్రావణంతో కడిగినా గంటకు 700 లీటర్లకు మించి రాలేదు. నాలుగు మెంబ్రేన్లు మార్చాలి, ఒక్కోటి 14,000 చొప్పున 56,000 రూపాయలు. నిధి ఖాళీ.

తప్పును ఆపరేటరు మీద వేస్తే సరిపోదు. రిజెక్ట్‌కు యజమాని లేకపోవడంతో ఆ బరువు వాల్వు మీద పడింది, వాల్వు మీద నుంచి మెంబ్రేన్ మీద పడింది. ఖర్చు పంచుకునే కాగితంలో ఉన్న ఖాళీ చివరికి మిషను లోపల పొరగా తేలింది.

విస్తరణకు సిద్ధమవుతూ

మెంబ్రేన్లు మార్చే లోపే నలుగురు సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, ఎంపీడీఓ, గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) ఏఈ కూర్చుని విస్తరణ మాట ఎత్తారు. ఒక ప్రైవేటు ఆపరేటరు తానే పెట్టుబడి పెడతానన్నాడు కానీ రోజువారీ కనీస కొనుగోలుకు హామీ, క్యానుకు 10 రూపాయలు అడిగాడు. రిజెక్ట్ ఎక్కడికి పోతుందంటే జవాబు లేదు. ఆ మాట అక్కడే ఆగింది.

ఎంత నీరు కావాలన్నది మొదటి ప్రశ్న. నీటి నాణ్యత చెడిన ఊళ్లకు జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాలు తాగడానికి, వండుకోవడానికి తలకు రోజుకు 8–10 లీటర్లు ఇవ్వమంటాయి. అలా చూస్తే 7,000 మందికి కనీసం 56,000 లీటర్లు కావాలి. ఎండాకాలంలో బోర్లు అంత ఇవ్వలేవు. కుటుంబానికి ఒక క్యాను లెక్కన 35,000 లీటర్లకు డిజైన్ చేశారు. చలికాలంలో బోరు బాగున్నప్పుడు 16 గంటలు నడిపి 48,000 దాకా తీయవచ్చు. ఇది లోటే. లోటని మినిట్స్‌లో రాసిపెట్టడం మంచి పని, లేకపోతే తర్వాత వచ్చేవాళ్లు ఇదే సరిపోయే లెక్క అనుకుంటారు.

ఆ తర్వాత బోరు. కొత్తగా గంటకు 2,000 లీటర్లు తీసే స్కిడ్‌కు (పంపు, మెంబ్రేన్లు బిగించిన ఆర్‌ఓ మిషను) 55 శాతం రికవరీ దగ్గర 3,640 లీటర్ల నీరు కావాలి. పాత దానికి 2,000. రెండూ నడిస్తే దాదాపు 5,640. మొదట పాత బోరుకు 60 మీటర్ల దూరంలో ఇంకో బోరు వేశారు. ‘రెండించుల నీళ్లు పడ్డాయి’ అని డ్రిల్లింగ్ వాళ్లు చెప్పారు. విడిగా నడిపితే నిజమే. రెండింటినీ కలిపి 24 గంటలు పంపింగ్ టెస్టు చేస్తే పాత బోరులో నీటి మట్టం గబగబా దిగిపోయింది. రెండూ ఒకే పగులులోంచి తాగుతున్నాయన్నమాట. ఆ బోరుకు పెట్టిన డబ్బు పోయింది. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకుని చెరువు దిగువన, ఊట బాగున్న చోట, ప్లాంటుకు 1.2 కిలోమీటర్ల దూరంలో మరో బోరు వేసి 63 ఎంఎం హెచ్‌డీపీఈ పైపు లాగారు. టెస్టు ఏప్రిల్ నెలాఖరున చేయించారు. జనవరిలో చేసిన టెస్టును నమ్మి ప్లాంటు సైజు ఖాయం చేయకూడదు.

స్కిడ్ విషయంలో తక్కువ కొటేషన్లన్నీ 4040 మెంబ్రేన్లు ఎనిమిదే చూపించాయి. ఒక్కో మెంబ్రేన్ వైశాల్యం 7.9 చదరపు మీటర్లు. ఎనిమిదింటితో 2,000 లీటర్లు తీయాలంటే చదరపు మీటరుకు గంటకు 31 లీటర్లకు పైగా పడుతుంది. ఇలాంటి బోరు నీటికి అది ఎక్కువ. మొదటి ఏడాది కొటేషన్‌లో చెప్పినంతా ఇస్తుంది, రెండో ఏడాది మూలుగుతుంది. పన్నెండు పెట్టించారు, రెండు స్టేజీలు: మొదటి స్టేజీలో రెండు వెసెళ్లు (మెంబ్రేన్లు పట్టే గొట్టాలు), రెండో దానిలో ఒకటి, ఒక్కో వెసెల్‌లో నాలుగు మెంబ్రేన్లు. అప్పుడు 21 లీటర్లే. అదనంగా పడిన 56,000 రూపాయలు ముందు సంవత్సరం పోగొట్టుకున్న మొత్తానికి సమానం, సభలో ఒప్పించింది కూడా ఆ పోలికే. రికవరీ 55 దగ్గర ఆగడానికి కారణం సిలికా. అక్కడ 115 వస్తుంది, హద్దుకు ఇవతలే. పొర కట్టకుండా కలిపే మందు యాంటీస్కేలెంట్ లీటరుకు 4 మిల్లీగ్రాములు.

ఖర్చు ఎలా పంచారు

ఉమ్మడి ఖర్చు అంచనా లక్షల్లో: స్కిడ్, ప్రీట్రీట్‌మెంట్ (ముందస్తు వడపోత), ప్యానెల్ 7.2, బోరు, మోటారు, పైపు 3.4, రిజెక్ట్ చెరువు 6.2; మంచినీటి ట్యాంకు, షెడ్డు పెంపు 3.0, కరెంటు లోడు పెంపు 1.0. మొత్తం 20.8. ఊళ్లలో పెట్టే కార్డు మిషన్లు, చిన్న ట్యాంకులు ఏ ఊరివి ఆ ఊరివే.

మొదట నాలుగు సమాన వాటాలన్నారు. ఒక్కో ఊరికి 5.2 లక్షలు. ట ఊళ్లో కుటుంబానికి 2,364 రూపాయలు పడుతుంది, క ఊళ్లో 743. ట సర్పంచి లేచి వెళ్లిపోయారు. తర్వాత కుటుంబాల లెక్కన అన్నారు. అప్పుడు క ఊరికి 40 శాతం, 8.3 లక్షలు. ‘మా ప్లాంటు మాకుంది, పెంచేది మీ కోసం, దాదాపు సగం మేమెందుకు కట్టాలి’ అని వాళ్లడిగారు. అదీ న్యాయమైన మాటే.

ముడి విడిపోయింది రూపాయలు పక్కనపెట్టి ముందు లీటర్లు పంచినప్పుడు. ఈ పద్ధతి కొత్తది కాదు. కాలిఫోర్నియాలో చినో బేసిన్ అనే ప్రాంతంలో పాడి పశువుల పెంపకం, సేద్యం వల్ల భూగర్భ జలంలో లవణాలు, నైట్రేట్ పేరుకున్నాయి. అక్కడి నగరాలు, నీటి సంస్థలు కలిసి 2001లో చినో బేసిన్ డీశాల్టర్ (ఉప్పు తీసే ప్లాంట్ల) అథారిటీని పెట్టుకున్నాయి. మూడో దశ విస్తరణలో పెరిగే సామర్థ్యాన్ని తీసుకున్నవి ఆంటారియో నగరం, జురుపా కమ్యూనిటీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్, వెస్టర్న్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్. గ్రాంట్లు పోగా దాని ఖర్చు కూడా ఆ మూడింటిదే. ఉప్పునీటిని బయటికి తీసుకుపోయే పైపులైనులో కూడా ఎవరికి ఎంత సామర్థ్యమో విడిగా కొనుక్కునే ఏర్పాటుంది. పెరిగేది ఎవరికోసమో వాళ్లే కట్టాలి, చెడ్డనీటికీ వాటా ఉండాలి. ఈ రెండు సూత్రాలూ మన నాలుగు పంచాయతీలకు సరిగ్గా అతికాయి.

పాత 12,000 లీటర్లు పూర్తిగా క ఊరివి, వాటిని కదపలేదు. కొత్త 24,000 లో గ 9,600 (40 శాతం), చ 7,200 (30), ట 4,800 (20), క 2,400 (10). రిజెక్ట్ చెరువులోనూ ఇవే శాతాలు.

చెరువుకు ట పంచాయతీ తన ఆధీనంలోని ఎకరంన్నరకు పైగా చవిటి నేల ఇచ్చింది. క శివారుకు ఆనుకునే ఉంది. 15 ఏళ్ల వాడుక హక్కుకు 1.2 లక్షలు విలువ కట్టారు. ఇక్కడ చాలామంది చేసే లెక్క తప్పు ఒకటుంది. ట వాటాలోంచి 1.2 తీసేసి ఊరుకుంటే ఆ మేరకు నగదు లోటు పడుతుంది. భూమి విలువను ముందు మొత్తం ఖర్చులో కలపాలి: 20.8కి 1.2 కలిపితే 22. దాన్ని శాతాలతో పంచితే గ 8.8, చ 6.6, ట 4.4, క 2.2. ట తన 4.4 లో 1.2 భూమిగా, 3.2 నగదుగా ఇస్తుంది. నగదు మొత్తం సరిగ్గా 20.8.

డబ్బు ఎక్కువ భాగం 15వ ఆర్థిక సంఘం టైడ్ గ్రాంట్లలో (చెప్పిన పనికే వాడాల్సిన నిధుల్లో) తాగునీటి భాగం నుంచి వచ్చింది. ఇక్కడ ఇంకో అడ్డు. ఆ డబ్బు పంచాయతీల చెల్లింపుల పోర్టల్ ఈగ్రామ్‌స్వరాజ్ ద్వారా, ఆ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉన్న పనికే చెల్లించాల్సి ఉండేది. నలుగురూ ఒక ఖాతాలో వేసి ఖర్చు పెడదామంటే ఆడిట్‌లో నిలబడదు. అందుకని పనినే ముక్కలు చేశారు. స్కిడ్, కరెంటు లోడు గ పేర 8.2. రిజెక్ట్ చెరువు చ పేర 6.2. ట్యాంకు, షెడ్డు ట పేర 3.0. బోరు, పైపు క పేర 3.4. ఒక్కో పనికి విడి అంచనా, విడి ఎం.బుక్ (కొలతల పుస్తకం), విడి బిల్లు. తన ఊళ్లో కాకుండా బయట పెట్టే ఆస్తి కాబట్టి ప్రతి గ్రామసభలోనూ తీర్మానం, క పంచాయతీ నుంచి స్థలం వాడుకకు అనుమతి తీర్మానం, నలుగురితో ఉమ్మడి కమిటీ.

ఇలా చేస్తే క ఊరు తన వాటా కంటే 1.2 లక్షలు ఎక్కువ పెట్టినట్టయింది. గ 0.6, చ 0.4, ట 0.2 తక్కువ పెట్టాయి. దాన్ని 20 నెలల్లో సరిచేశారు. క ఊరి నెలవారీ చెల్లింపు నుంచి 6,000 తగ్గించి, గ మీద 3,000, చ మీద 2,000, ట మీద 1,000 కలిపారు.

నెల ఖర్చు రెండు ముక్కలు

పాత ఏడాది గాయం మానింది ఇక్కడ. ప్లాంటు ఆగినా అయ్యే ఖర్చు, నడిస్తేనే అయ్యే ఖర్చు విడదీశారు.

స్థిర ఖర్చు నెలకు 31,000: ఇద్దరు ఆపరేటర్లకు 18,000, కరెంటు కనీస చార్జీ 2,000, రిపేర్లు, నీటి పరీక్షలకు 3,500, మెంబ్రేన్ నిధికి 7,500. నిధి లెక్క ఇలా: పాత, కొత్త కలిపి 16 మెంబ్రేన్లు, 14,000 చొప్పున 2.24 లక్షలు, 30 నెలల ఆయుష్షు. ఈ 31,000 మొత్తం 36,000 లీటర్ల హక్కుల మీద పంచితే క 12,400, గ 8,270, చ 6,200, ట 4,130. నీళ్లెత్తినా ఎత్తకపోయినా నెల 5వ తేదీకల్లా కట్టాలి. మెంబ్రేన్ నిధి విడి ఖాతా, ఇద్దరు సర్పంచులు, ఎంపీడీఓ కలిసి సంతకం పెడితేనే కదులుతుంది.

మారే ఖర్చు క్యానుకు 75 పైసలు: కరెంటు 48, మిగతాది యాంటీస్కేలెంటు, కాట్రిడ్జ్ ఫిల్టర్లు, రిజెక్ట్ చెరువు పనులు. క ఊరి వాడకానికి షెడ్డు కుళాయి మీద ఒక మీటరు, ట్యాంకరు నింపే పైపు మీద ఒక మీటరు. ఆపరేటరు, ట్యాంకరు డ్రైవరు ఇద్దరూ రీడింగు దగ్గర సంతకం చేస్తారు. రవాణా ఏ ఊరిది ఆ ఊరిదే. అమ్మే రేటు కూడా ఏ ఊరి ఇష్టం ఆ ఊరిదే.

రిజెక్ట్ ఎటు పోయింది

రోజుకు 1,300 క్యాన్లు నడిస్తే రిజెక్ట్ దాదాపు 22 ఘనపు మీటర్లు. పశువులకు పెడదామన్నారు. ఫ్లోరైడ్ 7 ఉంటుంది, పశువుల నీటికి 2 దాటకూడదు, కాబట్టి కుదరదు. ఇళ్ల కాంక్రీటుకు వాడదామన్నారు. క్లోరైడ్ 1,100 దాటుతుంది, కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీ (ఇనుప కడ్డీల కాంక్రీటు) నీటిలో 500 మించకూడదు, కాబట్టి అదీ వద్దు. బడి, పంచాయతీ ఆఫీసు, బస్టాండు మరుగుదొడ్లకు విడి పైపు వేసి 6 ఘనపు మీటర్లు వాడుతున్నారు. కుళాయిల మీద ఎర్ర రంగు, ‘తాగరాదు’ అని రాత. మిగిలిన 16 ఘనపు మీటర్లు చెరువుకు. వాన కలిసేది పోగా నికరంగా రోజుకు 3 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకుంటే 6,000 చదరపు మీటర్లలో 18 ఘనపు మీటర్లు పోతుంది. అడుగున హెచ్‌డీపీఈ షీటు, చుట్టూ ముళ్లకంచె. షీటు అతుకుల దగ్గర గాలి ఒత్తిడితో పరీక్ష చేయించకుండా నీళ్లు వదలొద్దు. ఒక్క అతుకు ఊడినా కింద ఉన్న ఊటలోకే ఈ ఉప్పంతా దిగుతుంది.

కంది రైతు గట్టు పక్క కాలవ మూసేశారు. ఆ నష్టానికి ఉమ్మడి కమిటీ పరిహారం కట్టింది. అది నాలుగు ఊళ్ల వాటాల్లోంచే పోయింది. క ఊరు ఒక్కటే కట్టలేదు.

రిజెక్ట్ వాల్వు మీద ఇప్పుడు తాళం ఉంది. రోటామీటరు మీద 1,640 దగ్గర ఎర్ర గీత. బొడిపె ఆ గీత కిందికి దిగితే కారణం రాయకుండా షిఫ్టు ముగించడానికి లేదు.

నడిచిన తీరు

మొదటి వానాకాలంలో అమ్మకం రోజుకు 780 క్యాన్లకు పడింది. ఆపరేటర్ల జీతం ఆగలేదు, మెంబ్రేన్ నిధికి ఎవరూ చేయి పెట్టలేదు. గ ఊరు రెండు నెలలు తక్కువే ఎత్తింది, 8,270 మాత్రం తేదీకి కట్టింది. కట్టిన డబ్బు ఎటూ పోయింది కదా అని మూడో నెల నుంచి క్యాన్లు మళ్లీ పెరిగాయి. స్థిర రుసుము వల్ల చేదబావి అలవాటు కూడా తగ్గుతుందని ముందు ఎవరూ అనుకోలేదు.

మేలో చెరువు దిగువ బోరు తగ్గింది. ఒప్పందంలో ఒక నిబంధన ముందే రాసుకున్నారు: నీరు తగ్గితే అందరి వాటా ఒకే శాతంలో తగ్గుతుంది, కానీ ఏ ఊళ్లోనూ కుటుంబానికి 10 లీటర్ల కంటే కిందికి కోత వేయరు. 20 రోజులు 30 శాతం కోత నడిచింది. వాటా అన్నది రోజుకు ఇన్ని లీటర్లన్న హామీ కాదు, ఆ రోజు వచ్చిన నీటిలో భాగం. ఈ మాట రాసి ఉండబట్టే మే నెలలో బోర్డులు లేవలేదు. ట ఊరు తన వాటాలో వాడని 1,000 లీటర్లను చలికాలం మూడు నెలలు చ ఊరికి అప్పగించింది, ఆ మేరకు స్థిర రుసుము చ కట్టింది.

ఒక చిన్న లాభం కూడా దొరికింది. శుద్ధి చేసిన నీరు టీడీఎస్ 60 దగ్గర చప్పగా ఉండేది. ఇసుక ఫిల్టరు, యూవీ దాటిన బోరు నీటిని 10 శాతం కలిపితే టీడీఎస్ 245 దగ్గర, ఫ్లోరైడ్ 0.5 లోపు నిలుస్తుంది. గంటకు 2,000 అన్నది 2,200 అవుతుంది. నైట్రేట్ 45 లోపు ఉన్నందువల్లే ఇది చేయగలిగారు, నెల నెలా చూసుకోవాలి. ఈ అదనపు నీటిని ఎవరి వాటాలోనూ కలపలేదు, బ్రేక్‌డౌన్ రోజులకు ఉంచారు. ఊళ్ల ట్యాంకుల్లో క్లోరిన్ 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూడటం ఆ ఊరి పని.

మళ్లీ ఇలాంటి పని చేసేవాళ్లకు

ఊళ్ల సంఖ్యను, జనాభాను పట్టుకుని మొదలుపెట్టొద్దు. రోజుకు ఎన్ని లీటర్ల హక్కు కావాలో ప్రతి పంచాయతీ చేతే చెప్పించండి. హక్కుతో పాటు స్థిర రుసుము కూడా వస్తుందని అదే సభలో చెప్పండి. అప్పుడు ఎక్కువ అడిగేవాళ్లు వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. గ ఊరు మొదట 12,000 అడిగి, నెలకు ఎంత పడుతుందో చూశాక 9,600కు వచ్చింది.

పాత ప్లాంటు ఉన్న ఊరి హక్కును ముట్టుకోవద్దు. ముట్టుకుంటే బేరం అక్కడే ఆగుతుంది.

రిజెక్ట్‌కు స్థలం, డబ్బు, యజమాని తేలేదాకా స్కిడ్‌కు ఆర్డరు ఇవ్వొద్దు. ఈ కేసులో రిజెక్ట్ చెరువు ఖర్చు దాదాపు మిషను ఖర్చంత ఉంది. కొటేషన్లలో ఆ వరుసే ఉండదు.

మంచినీరు, రిజెక్ట్, ప్రెషర్, టీడీఎస్ నాలుగూ రోజూ రాయించండి. ఒకే ప్రెషర్ దగ్గర మంచినీరు 10 శాతం తగ్గగానే కడగాలి. 40 శాతం తగ్గాక కడిగితే సిలికా కదలదని పాత నాలుగు మెంబ్రేన్లు చూపించాయి.

తేలనివి రెండున్నాయి. చెరువు అడుగున పేరుకునే ఉప్పులో ఫ్లోరైడ్ ఉంటుంది. దాన్ని ఎత్తి ఎక్కడ వేయాలో ఒప్పందంలో లేదు. పొర మందం ప్రతి మే నెలలో నాలుగు మూలలా కర్రతో కొలిచి రాస్తున్నారు, అరడుగు చేరేలోపు జవాబు వెతకాలి. రెండోది, కాలువ నీళ్లు వస్తే స్థిర రుసుము ఎవరు ఎన్నాళ్లు కట్టాలన్నది. ఏడేళ్లు అందరూ కట్టాలని క అంటోంది, నీళ్లొచ్చిన రోజుతో ఆగాలని గ అంటోంది. ఆ పేజీలో సంతకాల చోటు ఇంకా ఖాళీగానే ఉంది.